రొట్టె దొరికిన చోటే ఊరు

అమెరికాలో కొత్త ఊరికి మారిన క్యూబా కుటుంబం ఇల్లు సర్దుకోకముందే వాకబు చేసేవి కొన్నుంటాయి. చిక్కటి కాఫీ ఎక్కడ పోస్తారు, రొట్టె ఎక్కడ కాలుస్తారు, మాంసం నానబెట్టడానికి పుల్ల నారింజ ఎవరమ్ముతారు. ఇవి దొరికిన చోట మనుషులూ దొరుకుతారు. మయామీలోనైతే వెతకాల్సిన పనే లేదు. ఉద్యోగం కోసమో, తక్కువ అద్దె కోసమో అక్కణ్నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినప్పుడే ఆ లోటు తెలిసొస్తుంది.

లాటినోలంతా ఒకటే కదా, పక్కవీధిలో మెక్సికన్ షాపు ఉందిగా అనిపించొచ్చు. ఆవకాయన్నం కోసం మొహం వాచినవాడికి బటర్ నాన్ చూపించినట్టుంటుంది ఆ మాట. క్యూబా వంటలో మిరప ఘాటు దాదాపు ఉండదు. మొక్కజొన్న రొట్టెలు కాదు, వాళ్లకు అన్నమే ఆధారం. ఉల్లి, వెల్లుల్లి, కాప్సికం సన్నగా తరిగి నూనెలో మగ్గబెట్టి, జీలకర్ర పడితే గానీ వంట మొదలవదు. నల్ల బీన్సు కలిపిన అన్నం, పీచులుగా విడదీసి టమాటాతో ఉడికించిన గొడ్డుమాంసం ‘రోపా వియేహా’, అరటికాయ ముక్కల్ని ఓసారి వేయించి, అదిమి, మళ్లీ వేయించే ‘తోస్తోనెస్’. ఉడికిన కర్రపెండలం మీద వెల్లుల్లి, పుల్ల నారింజ రసం కలిపిన ‘మోహో’ పోస్తారు. డిసెంబరు 24 రాత్రి కాల్చిన పందిమాంసం లేకపోతే అది పండగే కాదు.

కాఫీది ఇంకో పద్ధతి. పొయ్యి మీది చిన్న కెటిల్లోంచి ముందుగా దిగే నాలుగు చుక్కల డికాక్షన్‌ని గిన్నెలోని పంచదారలో వేసి, స్పూనుతో గబగబా గిలక్కొడతారు. చేయి నొప్పి పుట్టేసరికి పంచదార తెల్లబడి నురగలా పొంగుతుంది. మిగతా కాఫీ దాని మీద పోస్తారు. మయామీలో దీన్ని ‘వెంతానీతా’ల దగ్గర, అంటే వీధిలోకి తెరిచి ఉండే కిటికీల దగ్గర అమ్ముతారు. ‘కొలాడా’ అడిగితే ఒక కప్పు కాఫీతోపాటు ఉగ్గుగిన్నెలంత ప్లాస్టిక్ కప్పులు కొన్ని ఇస్తారు. కాఫీ కొన్నవారు అందరికీ తలా కాస్త పోయాల్సిందే. ఎనిమిదో వీధిలో 1971లో మొదలైన వెర్సాయ్ రెస్టరెంటు కిటికీ వీటన్నిట్లోకీ పేరున్నది. 2016 నవంబరులో క్యూబా మాజీ అధ్యక్షుడు ఫిడెల్ కాస్ట్రో చనిపోయాడని తెలిసిన రాత్రి జనం వచ్చి చేరింది కూడా ఆ రెస్టరెంటు ముందుకే.

1959లో క్యూబాలో కాస్ట్రో అధికారంలోకి వచ్చాక అమెరికాకు వలసలు అలలు అలలుగా సాగాయి. 1960-62 మధ్య అమ్మానాన్నలు లేకుండా విమానమెక్కిన పిల్లలే 14 వేలకు పైగా ఉన్నారు. 1980లో మరియెల్ రేవు నుంచి కొద్ది నెలల్లోనే దాదాపు లక్షా పాతికవేల మంది పడవల్లో దిగారు. 1994లో ట్యూబులూ చెక్కలూ కట్టిన తెప్పల మీద వేలమంది సముద్రానికి ఎదురొడ్డారు. 2021 చివర్లో నికరాగువా వీసా అక్కర్లేదన్నాక ఆ దారిన అమెరికా సరిహద్దు చేరినవాళ్లు ఇంతకుముందు వచ్చిన ఏ అలకన్నా ఎక్కువ.

చుట్టల ఫ్యాక్టరీల ఊరు

అసలు ఈ కథ కాస్ట్రోకన్నా చాలా పాతది. నాకు మయామీకన్నా ఇష్టమైన అధ్యాయం టాంపాలో ఉంది. విసెంతే మార్టినెజ్ ఈబోర్ అనే చుట్టల వ్యాపారి 1885లో కీ వెస్ట్ నుంచి తన వ్యాపారాన్ని ఫ్లోరిడా పడమటి తీరంలోని టాంపా పక్కకు మార్చాడు. అలా పుట్టిందే ఈబోర్ సిటీ. హవానా నుంచి పొగాకుతోపాటు చుట్టలు చుట్టే చేతులూ ఓడ దిగాయి. క్యూబావాళ్లు, స్పెయిన్‌వాళ్లు, సిసిలీ నుంచి వచ్చిన ఇటాలియన్లు పక్కపక్క బల్లల మీద కూర్చుని పనిచేశారు.

వాళ్ల చేతులు ఆకు చుడుతుంటే, ఎత్తయిన వేదిక మీద ఒకాయన కూర్చుని వార్తాపత్రికలు, నవలలు గొంతెత్తి చదివేవాడు. ఆయన్ను ‘లెక్తోర్’ అనేవారు. ఆయన జీతం యజమాని ఇచ్చేది కాదు, కార్మికులే తలా కొంత వేసుకునేవారు. అక్షరం ముక్క రాని మనిషి కూడా స్పానిష్ రచయిత సెర్వాంటెస్‌ను చెవులతో చదువుకున్నాడు. పెత్తందార్లకు ఇది కంటగింపయింది. పనివాళ్ల బుర్రల్లోకి తిరుగుబాటు ఎక్కిస్తున్నారంటూ 1931లో ఆ చదువులు ఆపించేశారు. తర్వాత రేడియోలు వచ్చాయి. నీలో క్రూజ్ రాసి, 2003లో పులిట్జర్ గెలుచుకున్న ‘అన్నా ఇన్ ద ట్రాపిక్స్’ నాటకం ఇలాంటి లెక్తోర్ కథే.

అంతకన్నా గొప్ప పని వాళ్లు కట్టుకున్న క్లబ్బులు. క్లబ్బంటే పేకాట, డాన్సులు అనుకుంటాం. అవీ ఉండేవి. కానీ అసలు సంగతి చందా. తమ కూలిలోంచి క్రమం తప్పకుండా కట్టే ఆ చిన్న మొత్తానికి బదులు డాక్టరు చూసేవాడు, మందులు దొరికేవి, చనిపోతే ఖననం గౌరవంగా జరిగేది. స్పెయిన్ వలసదారుల సెంత్రో అస్తూరియానో 1905కల్లా ఏకంగా ఆస్పత్రే నడిపింది. క్యూబావాళ్ల సిర్కులో కుబానో భవనంలో నాటకశాలా, మందుల షాపూ ఒకే కప్పు కింద ఉండేవి. సర్కారు బీమా లేని కాలంలో, భాష రాని దేశంలో, చుట్టలు చుట్టుకునేవాళ్లు తమ ఆరోగ్యాన్ని తామే చూసుకున్నారు.

ఈ చరిత్రలో ఒక గాయమూ ఉంది. క్యూబాలో స్పెయిన్ పాలన మీద కలిసి పోరాడిన తెల్ల, నల్ల క్యూబన్లు ఫ్లోరిడా వర్ణవివక్ష చట్టాల కింద ఒకే క్లబ్బులో నిలవలేకపోయారు. నల్లవాళ్లు వేరుగా ‘లా ఉనియోన్ మార్తీ-మసేయో’గా 1904లో నిలదొక్కుకున్నారు. పేరులోని ఇద్దరూ ఆ పోరాట నాయకులే. హోసే మార్తీ తెల్లవాడు, అంతోనియో మసేయో నల్లవాడు. విడిపోవాల్సి వచ్చినా ఇద్దరి పేర్లూ కలిపే పెట్టుకున్నారు. స్వాతంత్య్ర పోరాటానికి మద్దతు కూడగట్టడానికి టాంపా వచ్చిన మార్తీకి ఆశ్రయమిచ్చిన పౌలీనా పెద్రోసో కూడా నల్లజాతి మహిళే. ఆమె ఇల్లున్న స్థలం ఇప్పుడు మార్తీ పేరిట పార్కు.

ఆ ఊళ్లో లా సెగుందా బేకరీ 1915 నుంచీ రొట్టె కాలుస్తోంది. గజం పొడవు రొట్టె. పొయ్యిలో పెట్టేముందు పిండి మీద నిలువునా తాటిజాతి చెట్టు ఆకు పీలిక ఒకటి పరుస్తారు. రొట్టె పొంగేటప్పుడు ఆ గీత వెంబడే చీలుతుంది. పైన పెళుసు, లోపల దూది. దాన్ని కోసి పందిమాంసం, హ్యామ్, స్విస్ చీజ్, ఊరగాయ దోస, ఆవపిండి ముద్ద పెట్టి వేడి పలకల మధ్య నొక్కితే క్యూబన్ శాండ్‌విచ్. టాంపావాళ్లు అందులో సలామీ కూడా వేస్తారు, పక్కబల్ల ఇటాలియన్ల చలవ. మయామీవాళ్లు ససేమిరా ఒప్పుకోరు. 2012లో టాంపా నగర మండలి సలామీతో సహా దాన్ని తమ ఊరి శాండ్‌విచ్‌గా తీర్మానించింది. నా ఓటు టాంపాకే. ఎందుకంటే ఇరుగుపొరుగుల జాడ ఆ శాండ్‌విచ్‌లో కనబడుతుంది.

గుర్రప్పందేల గడ్డ మీద

ఇప్పుడు క్యూబావాళ్లు ఊహించని చోట కనిపిస్తున్నారు. డెర్బీ గుర్రప్పందేలకు పేరుపడ్డ కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో 1990ల నుంచి శరణార్థి సంస్థలు వాళ్లకు ఆసరా ఇస్తూ వచ్చాయి. అక్కడ బతుకుతెరువు ఉంది, ఇళ్ల అద్దెలు మయామీతో పోలిస్తే తక్కువ. ఒకరు కుదురుకుంటే బావమరిది వచ్చాడు, ఆ వెనక మేనత్త కుటుంబం వచ్చింది. ఇవాళ ఆ ఊళ్లో క్యూబా రెస్టరెంట్లున్నాయి, ‘ఎల్ కెంతుబానో’ అనే స్పానిష్ పత్రిక కూడా ఉంది.

ఇలాంటి ఊళ్లలో వంట సర్దుబాట్లతో నడుస్తుంది. పుల్ల నారింజ లేకపోతే మామూలు నారింజ రసంలో నిమ్మరసం పిండుకుంటారు. చెయ్యి తిరగనివాళ్లకు నీత్సా వియాపోల్ రాసిన ‘కోసీనా అల్ మినూతో’ దిక్కు. ఆమె టీవీలో వంట నేర్పి ఇంటింటికీ పరిచయమైన మనిషి. కాస్ట్రో వచ్చాక కూడా ఆమె హవానా వదల్లేదు, 1998లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. ఆమె రాజకీయాలు గిట్టనివాళ్లు కూడా ప్రవాసంలో ఆమె పుస్తకం చూసే బీన్సు ఉడికించుకున్నారు.

ఇండియన్ షాపు లేని అమెరికా చిన్న ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లకు ఈ లాటినో దుకాణాలు కొత్త కాదు. కొత్తిమీర కట్టలు, కూర అరటి, చింతపండు, పచ్చిమిర్చి, కర్రపెండలం అక్కడే దొరుకుతాయి. బిల్లు కట్టి వచ్చేయకుండా ఆ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి పలకరించండి. వాళ్లూ మనలాగే ఊరొదిలి వచ్చినవాళ్లే.

టాంపా వాళ్ల దగ్గర మనం తీసుకోవాల్సింది ఇంకోటుంది. రోడ్డు ప్రమాదంలో మన విద్యార్థి ఎవరైనా పోతే, ఆ రాత్రికి ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచి అందరినీ వేడుకుంటాం. మంచి మనసుతోనే ఇస్తాం, కానీ కష్టం వచ్చాకే ఇస్తాం. ఆ చుట్టల కార్మికులు కష్టానికి ముందే కట్టేవారు. ఇంజినీర్లూ డాక్టర్లూ ఉన్న మనకు అది అసాధ్యం కాదు. తెలుగు సంఘాల పెద్దలకు మనవి: వచ్చే ఏడాది బడ్జెట్‌లో మహాసభల ఖర్చు పక్కనే, నెలనెలా చందాతో నడిచే వైద్య, అత్యవసర నిధికి కూడా ఒక పద్దు రాయండి.