అదను చూసి విత్తు, నిజం చూసి పంపు

అనంతపురం మెట్టనేలలో తొలి చినుకుకే వేరుశనగ విత్తరు. తగిన పదునయ్యేదాకా ఆగుతారు. తొందరపడితే విత్తనం మట్టిపాలు. సబర్ అంటే ఇదే. చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు, అదను చూసి కదలడం.

ఫోను పట్టుకున్నప్పుడూ అంతే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను కొట్టారు, ప్రాణాలూ పోయాయి. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకేసారి ఐదు చాట్లకు పరిమితం చేసింది. వార్త వస్తే ముందు విచారించమని, తెలియక ఎవరికీ హాని చేయవద్దని దివ్య ఖుర్ఆన్ (49:6) ఏనాడో హెచ్చరించింది.

సాయం కోరే సందేశాలనూ విచారించాకే మీ ముందుంచుతున్నాం. ఆలస్యమైతే మన్నించండి, మీ జకాత్ అర్హులకే చేరాలి. ఆకలిగొన్నవారికి మాత్రం సబర్ బోధించవద్దు. ముందు అన్నం పెడదాం. అల్లాహ్ మనందరికీ సహనభాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.