యంత్రమునకు హద్దు తెలియు విధము

కామారెడ్డిలో నా పూర్వశిష్యుడొకడు లేతు దుకాణము నడుపుచున్నాడు. ఎల్లారెడ్డినుండి బస్సులో పోయి నేనప్పుడప్పుడు అచట కూర్చుండుట కలదు. అతడొక పాత మిల్లింగు యంత్రమును కొని, చేతిచక్రములు తీసి, మోటార్లు బిగించి, కంప్యూటరుచే నడుపదలచెను. ఇది వింతకాదు. 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వారు చూపిన తొలి సంఖ్యానియంత్రిత యంత్రము కూడ పాత సిన్సినాటి మిల్లింగు యంత్రమును మార్చి చేసినదే.

ఇట్టి యంత్రమునకు రెండు సంగతులు తెలియవలెను. బల్ల యెంత జరిగినది? ఎచ్చట ఆగవలెను? మొదటిది ఎన్‌కోడరు చెప్పును. రెండవది లిమిట్ స్విచ్చి చెప్పును.

ఎన్‌కోడరులో గీతలుగల పళ్ళెము తిరుగుచు, ఏ, బి అను రెండు తీగలపై స్పందనములు పంపును. వాని నడుమ పావు ఆవర్తము తేడా యుండును; ఏది ముందు వచ్చునో దానినిబట్టి దిక్కు తెలియును. గీతలు 1000 అయినచో, రెండింటి ఎక్కుదల దిగుదలలను లెక్కింపగా చుట్టునకు 4000 గుర్తులగును. చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరుపు మరకు ఒక్కొక్క గుర్తు 0.00125 మిల్లీమీటరు. ఇంత సన్నని మాటను మోటారు తీగల రొద చెరుపును. కావున ప్రతి సంకేతమును, దాని విలోమమును జంటతీగలుగా మెలిపెట్టి పంపవలెను. రొద రెండింటిపై సమముగా పడును. ఒకదానినుండి రెండవదానిని తీసివేయగా రొద పోయి సంకేతము మిగులును. మోటారు తీగలతో ఒకే గొట్టమున వీనిని పోనీయరాదు.

ఇక స్విచ్చి సంగతి. నా శిష్యుడు తొలుత, తాకినప్పుడే విద్యుత్తు పారునట్లు దానిని కలిపెను. కబురు రానంతవరకు దారి క్షేమమని యంత్రము తలచును. ఒకనాడు ఇనుపరజను రాపిడికి తీగ తెగెను. బల్ల హద్దు దాటిపోయి చివరి దిమ్మను గుద్దుకొనెను. పనివాని చేయి అచటికి జానెడు దూరముననే యుండెను.

భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరింతురు. కుండ కనబడలేదు గనుక లేదనుట చెల్లును, అయితే వెలుతురున్నచోటనే. చీకటిగదిలో కనబడకపోవుట లేమికి సాక్ష్యము కాదు. అందుకే యోగ్యానుపలబ్ధి యని విశేషించిరి. తెగిన తీగ చీకటిగదియే గదా! ఈ మాట చెప్పగా అతడు తలవంచి, “సార్, ఇది యంత్రం పుస్తకంలనే ఉన్నది. నేనే పట్టించుకోలేదు” అనెను.

పద్ధతి యిది: స్విచ్చి ఎప్పుడును మూసియుండి, దానిద్వారా విద్యుత్తు పారుచుండవలెను. బల్ల తాకినను, తీగ తెగినను ఆ ప్రవాహము ఆగును. ఆగినంతనే యంత్రము నిలువవలెను. అత్యవసరపు మీట మాత్రము కంప్యూటరు నడుగక తానే మోటార్ల విద్యుత్తును తెంచవలెను. మరియు, సామాన్యపు ఎన్‌కోడరు కరెంటు పోయినచో తన స్థానమును మరచును. కావున ప్రతి ఉదయమును బల్లను మెల్లగా హద్దుకు చేర్చి, అచటినుండి లెక్క మొదలిడవలెను.

ఇప్పుడతడు ప్రతి సోమవారము, కత్తిని తిరుగనీయక, బల్లను మెల్లగా నడుపుచు ఒక తీగను ఊడదీసి, యంత్రము ఆగునో లేదో చూచుకొనుచున్నాడు. ఆగిన తరువాతనే పనివానిని దగ్గరకు రానిచ్చును.