సరదాకి వెళ్ళామా, పనికి వెళ్ళామా?

రాత్రి పదకొండు దాటాక ఫోన్. "అన్నా, వేలు వంగట్లేదు. గాలం గుచ్చుకుని ఇరవై నాలుగు రోజులైంది."

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్. గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే మన కుర్రాడు, వాళ్ళ ఓనరు, ఓనరు స్నేహితులిద్దరు, చిన్న అల్యూమినియం పడవ. "మనమంతా ఫ్రెండ్సే కదా, సరదాగా రా" అన్నాడట ఓనరు. పడవెక్కాక ఐస్ బాక్సు మోసింది, ఎర గుచ్చింది, పడిన చేపల్ని విడదీసింది మాత్రం ఈ అబ్బాయే. వెనకాయన చూసుకోకుండా రాడ్ విసిరేసరికి, మూడు కొక్కేల గాలంలో ఒకటి ఇతని బొటనవేలిలో దిగింది. ఎవరో పటకారుతో పట్టి లాగేశారు.

అక్కడే చెడింది. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లుంటుంది. చేప జారిపోకుండా పెట్టిన ముల్లది, మన కండనీ అలాగే పట్టుకుంటుంది. వెనక్కి లాగితే చీరేస్తుంది. డాక్టర్లయితే మత్తిచ్చి, మొనని అవతలికి తోసి, ముల్లు కత్తిరించి తీస్తారు. కీలు దగ్గర లోతుగా దిగితే మనం చెయ్యి పెట్టకూడదు. కంట్లో అయితే అసలు కదపకుండా, నొక్కకుండా పేపర్ కప్పు అడ్డం పెట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ తీసుకుని ఐదేళ్ళు దాటితే ఇలాంటి గాయానికి మళ్ళీ వేయించుకోవాలి.

ఇన్సూరెన్స్ లేదని, బిల్లు భయంతో ఇతను ఆస్పత్రికే వెళ్ళలేదు. మెడికేర్ తీసుకునే ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డు, డబ్బు సంగతి తేలేదాకా ఆపకుండా పరీక్ష చేయాలనీ, ప్రమాద స్థితి ఉంటే దాన్ని అదుపులోకి తేవాలనీ 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. బిల్లు రాదని కాదు, తర్వాత వస్తుంది. లాభాపేక్ష లేని ఆస్పత్రుల్లో ఆర్థిక సాయం అప్లికేషన్ ఉంటుంది, అడిగి తీసుకోండి.

"అన్నా, నేను డ్యూటీలో ఉన్నట్టా, షికారుకి వెళ్ళినట్టా?"

నేను లాయర్ని కాదు, బీకామ్ చదివి లెక్కలు రాసుకునేవాణ్ణి. నాకు ముందు తేదీలే కనిపిస్తాయి. టెక్సాస్‌లో పనిలో దెబ్బ తగిలితే యజమానికి 30 రోజుల్లో చెప్పాలి, వర్కర్స్ కాంపెన్సేషన్ క్లెయిమ్ ఏడాదిలోపు వేయాలి. ఇష్టపడి వెళ్ళిన షికారుకి అది వర్తించదు. ఉద్యోగంలో భాగంగా రమ్మన్నా, రాకపోతే కుదరదన్నట్టు పిలిచినా సంగతి వేరు. ఇంకో మెలిక ఉంది: ఇక్కడ ప్రైవేటు యజమాని ఆ బీమా తీసుకోవడం తప్పనిసరి కాదు. తీసుకోకపోతే, అతని నిర్లక్ష్యం చూపించి కోర్టుకెళ్ళచ్చు. "నీ అజాగ్రత్తా ఉంది" అన్న వాదన అప్పుడు అతనికి పనికిరాదు.

"రమ్మన్న మెసేజ్ ఉందా?" అన్నాను. ఉందట: "సండే షాప్ వద్దు, బోట్ దగ్గరికి రా, ఐస్ తీసుకురా."

ఫ్రెండుకి ఇలా రాస్తారా? ఆ మెసేజ్ ఫొటో తీయించాను. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి పంపాను. బయల్దేరే ముందు తేదీ, సమయం, చోటు, గాయం అన్నీ రాసి ఓనరుకి వాట్సాప్‌లో పెట్టించాను. ఇరవై అయిదో రోజు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.