ఎండపొడ చెప్పిన ఎడబాటు

పెంకుటింటి కప్పులో ఒక్క పెంకు జరిగితే చాలు, పగటిపూట ఎండపొడ ఏటవాలుగా గదిలోకి దిగుతుంది. మామూలప్పుడు నేలమీద బిళ్ళంత వెలుగు తప్ప మరేమీ కనిపించదు. పొయ్యి రాజేసి పొగ లేచిందా, కప్పు నుంచి నేలదాకా వెలుగు దూలంలా నిలబడుతుంది. పల్లెలో పుట్టి పెరిగిన వారికి ఇదేమీ వింత కాదు. అయితే ఈపాటి సంగతిని పట్టుకునే ఒక ఛాయాగ్రాహకుడు, దూరమైపోతున్న ఒక జంటను తెరమీద నిలబెట్టాడు. ఆ దృశ్యాన్ని నేటికీ సినిమా తీసేవాళ్ళు పాఠంలా చూస్తున్నారు.

ఆ చిత్రం 1959లో విడుదలైన 'కాగజ్ కే ఫూల్', అంటే కాగితం పూలు. తీసి, నటించినవారు గురుదత్. కెమెరా పట్టినవారు మైసూరుకు చెందిన వి.కె.మూర్తి. కథానాయిక మనకు పరాయిది కాదు. 1955లో వచ్చిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు చిందేసిన వహీదా రెహమాన్ ఆమే. ఆ పాట తెలుగునాట మోగిపోయింది. ఆ ఊపులోనే ఆమె గురుదత్ కంట పడింది, బొంబాయి చేరింది. రైతుల కథలో ఆడిపాడిన అమ్మాయి కొన్నేళ్ళకే హిందీ తెరపై ఎడబాటుకు రూపమై నిలిచింది.

కథ ఇదీ. సురేష్ సిన్హా పేరున్న దర్శకుడు. సినిమావాడంటే అత్తవారికి చిన్నచూపు. భార్య పుట్టింట ఉండిపోయింది. కన్నకూతురిని చూడడానికి కూడా అతనికి దారి లేదు. ఈ ఒంటరితనంలో శాంతి అనే దిక్కులేని అమ్మాయి ఎదురైంది. ఆమెను తారను చేశాడు. ఇద్దరికీ మనసు కలిసింది, కానీ కలిసి బతికే వీలు లేదు. ఈ సంగతిని నటులచేత చెప్పించాలంటే నాలుగు పేజీల మాటలు కావాలి, రెండు కుండల కన్నీళ్ళు కావాలి. మన సినిమాలు చాలావరకు ఆ పనే చేశాయి కూడా. గురుదత్ మాటలన్నీ తీసేశారు. ఖాళీ స్టూడియోలో ఇద్దరినీ ఎడంగా నిలబెట్టి, పై నుంచి ఒక వెలుగుధార దింపమన్నారు. మిగిలినదంతా చీకటి.

అద్దాలతో పని

దింపమనడం తేలికే, దించడమే కష్టం. స్టూడియో దీపం ఎంత పెద్దదైనా దాని వెలుగు దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. సూర్యుడు ఎంతో దూరాన ఉన్నాడు గనుక ఎండ కిరణాలు పక్కపక్కనే సమానంగా సాగి వస్తాయి, ధార చెదరదు. గురుదత్‌కు కావలసింది ఆ ధారే. ఆరుబయటి ఎండను అద్దంతో లోపలికి మళ్ళించవచ్చన్న సంగతి మూర్తికి అక్కడే తట్టింది. మన పిల్లలు అద్దం ముక్కతో ఎదురింటి గోడమీద ఎండను ఆడించే ఆటే ఇది! బయట ఒక పెద్ద అద్దం పెట్టి ఎండను పట్టారు. లోపల పైన ఇంకో అద్దం పెట్టి ఆ ఎండను కిందికి దించారు. ధార కంటికి కనబడడానికి పొగ వేశారు. పొద్దు ఒక్కచోట నిలవదు గనుక అద్దాన్ని కూడా దానితోపాటు తిప్పుకుంటూ పోక తప్పదు.

ఆ ఎండపొడకు చెరోవైపున ఇద్దరూ నిలబడి ఉంటారు. ఒకరి దగ్గరికి ఒకరు పోరు. వారి నీడరూపాలు మాత్రం దేహాలను విడిచి, ఒకదానికొకటి ఎదురు నడిచిపోతాయి. మనుషులు ఉన్నచోటనే ఉండిపోతారు. మనసు పోయినంత దూరం కాళ్ళు పోలేవన్న మాట అక్కడ ఎవరూ అనరు. అనవలసిన పనీ లేదు.

ఇంకో విశేషం. మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం ఇదే. తెర వెడల్పు ఎత్తుకు రెండు రెట్లకు పైనే. అంత తెర ఉంటే గుర్రాల దండునో, జాతరనో నింపాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. వీరు ఆ వెడల్పును ఖాళీగా వదిలేశారు. ఇద్దరి మధ్యా ఎంత జాగా పోయిందో చూసేవాడి కంటికి కొలతకు వచ్చింది. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల గుర్తుందా? అక్కడ వెలుగు జంటను ఒక్కటిగా కప్పింది. ఇక్కడి వెలుగు వారి నడుమ గోడ కట్టింది.

ఇంటి కథ

ఈ పాటను తెరవెనుక పాడింది గీతాదత్. ఆమె గురుదత్ భార్య. అప్పటికే ఆ ఇంట సఖ్యత చెడింది. భర్త తన సినిమాలో మరో స్త్రీతో ఎడబాటు పడుతుంటే, ఆ బాధకు గొంతు ఇచ్చింది ఇంటి ఇల్లాలు. దీనిమీద ఎవరి మాట ఎలా ఉన్నా, పాట వింటే ఆమె పనిలో వంక పెట్టలేం.

జనం మాత్రం చిత్రాన్ని తిప్పికొట్టారు. డబ్బు పోయింది. ఆ తరువాత గురుదత్ ఏ చిత్రానికీ దర్శకుడిగా పేరు వేసుకోలేదు. 1964 అక్టోబరు 10న, 39 ఏళ్ళకే కన్నుమూశారు. గీతాదత్ 1972లో పోయారు.

మూర్తి ఈ విద్యను 1962లో 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్'లో మరోసారి చూపారు. అది బెంగాల్ జమీందారీ కథ. భర్త రాత్రుళ్ళు ఆటకత్తెల ఇంట గడుపుతాడు. అతన్ని ఇంట నిలుపుకోవడానికి చిన్నకోడలు తానే తాగుడుకు అలవాటు పడుతుంది. ఆటకత్తెల పాటలో వెనుక ఆడేవారి ముఖాలమీద మూర్తి వెలుగే పడనివ్వలేదు. అంతా నీడలే.

1964లో సత్యజిత్ రే 'చారులత' తీశారు. అందులో భర్తకు తన పత్రిక తప్ప లోకం లేదు (మా వృత్తివాళ్ళకు ఇది కాస్త గుచ్చుకునే సంగతే). భార్య దుర్భిణితో వీధిని చూస్తూ ఉంటుంది. అదే దుర్భిణితో, ఇంట్లోనే పుస్తకం చదువుతూ నడిచిపోయే భర్తనూ చూస్తుంది. చివర ఒకరికొకరు చేతులు చాచుతారు. చేతులు అందుకునే లోపు బొమ్మ ఆగిపోతుంది.

'కాగజ్ కే ఫూల్' డబ్బు తేకపోయినా మూర్తికి ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెచ్చింది. 2008 సంవత్సరానికి ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. కెమెరా పనివారిలో దానిని మొదట అందుకున్నది ఆయనే. 2014 ఏప్రిల్‌లో బెంగుళూరులో మరణించారు. వహీదా రెహమాన్‌కు అదే అవార్డు 2021 సంవత్సరానికి దక్కింది.