ఇమ్యూనోథెరపీ తర్వాత ఆయాసమా? ‘గ్యాస్’ అనుకోవద్దు!

ఇల్ఫర్డ్: ‘ఛాతీ పట్టేసినట్లుంది... రాత్రి బిర్యానీ ఎక్కువైంది, గ్యాసే అయ్యుంటుంది’ అనుకుని ఓ మాత్ర మింగి డ్యూటీకి పరుగెత్తడం మనకు అలవాటే. కానీ క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్న వారికి ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకిలా?

క్యాన్సర్ కణాలు మన రోగనిరోధక వ్యవస్థకు బ్రేకులు వేసి తప్పించుకుంటాయి. ఆ బ్రేకులు తీసేవే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ లాంటి మందులు. ఈ మార్గం చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అయితే బ్రేకులు తీసిన రక్షణ కణాలు ఒక్కోసారి సొంత గుండె కండరం మీదే దాడి చేస్తాయి. అదే మయోకార్డైటిస్. వందలో ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే. రెండు మందులు కలిపి ఇస్తే ముప్పు మరింత ఎక్కువ.

ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం దీని గుర్తులు. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒళ్లు నొప్పులు కూడా తోడవొచ్చు.

గంటలే కీలకం

ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఈసీజీ, ఎకో, గుండె ఎంఆర్ఐలతో దీన్ని గుర్తిస్తారు. అనుమానం రాగానే ఇమ్యూనోథెరపీ ఆపేసి, మిథైల్ ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్‌ను రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కిస్తారు. తగ్గాక మాత్రలకు మార్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు. లొంగకపోతే అబటాసెప్ట్, రుక్సోలిటినిబ్ లాంటివి వాడి చూస్తున్నారు.

2020లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లో స్టెరాయిడ్ అందినవారిలో 7 శాతం మందికే గుండెకు పెద్ద ప్రమాదం ఎదురైంది. 72 గంటలు దాటితే... 85 శాతం మందికి!

మనమేం చేయాలి?

క్యాన్సర్ ఆస్పత్రి ఇచ్చిన అలర్ట్ కార్డు పర్సులోనే ఉంచుకోవాలి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే 999కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వాళ్లతోనైనా, గుడ్‌మేస్‌లోని కింగ్ జార్జ్ ఆస్పత్రి ఎమర్జెన్సీలోనైనా మొదటి మాట ‘ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నాం’ అనే చెప్పాలి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు అక్కడ ఈ మందు తీసుకుని ఉంటే కాగితాలు వెంట తెప్పించుకోండి. ఆఖరి డోసు పడిన నెలల తర్వాతా ఇది రావొచ్చు. విజిటర్లకు వార్డులో చేరితే బిల్లు పడొచ్చు గానీ, అత్యవసర వైద్యాన్ని మాత్రం ఆపరు.

మేం చెప్పేదొక్కటే... షిఫ్టు పోతే ఇంకోటి దొరుకుతుంది. ఆ మొదటి రోజు పోతే దొరకదు!