గడియ తెరుచుకోనప్పుడు

షెల్ ఎకో మారథాన్ అనే పేరుతో, అతి తక్కువ ఇంధనంతో అతి ఎక్కువ దూరం నడిచే వాహనాలకై విద్యార్థుల మధ్య నిర్వహింపబడుతూ వచ్చిన పోటీలో ఒక కఠిన నియమం ఉన్నది. పట్టీలు బిగించుకుని కూర్చున్న చోదకుడు ఎవరి సాయమూ లేకుండ పది సెకండ్లలో వాహనం నుండి బయటపడగలగాలి. పైతొడుగు గడియ లోపలినుండీ బయటినుండీ కూడ తెరుచుకోవాలి. నెలల తరబడి శ్రమించి, బరువును గ్రాములలో లెక్కపెట్టి తయారుచేసిన బండి, వేలెడు పొడవైనా లేని గడియ మొరాయించిన కారణాన తనిఖీ దాటక ఆగిపోవచ్చును. నిప్పు అంటుకున్న వేళ అదే గడియ మొరాయిస్తే పోయేది పోటీ మాత్రమే కాదు.

సింగపూరు పడమటి కొసన ఉన్న బూన్ లే వాసులకు ఇది దూరపు సంగతి కాదు. 1990లో ప్రారంభమైన బూన్ లే రైలు స్టేషను వద్ద 179 లేక 199 నంబరు బస్సు ఎక్కితే కొద్ది నిమిషాలలో నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వస్తుంది. ఆ విద్యార్థులు 2015లో మనీలా పోటీకై ఎన్‌వీ 8 అనే విద్యుత్ కారును నిర్మించారు. దాని పైతొడుగు త్రిమితీయ ముద్రణలో రూపొందిన 150 ప్లాస్టిక్ భాగాల కూర్పు. దానిని మోసే చట్రం కార్బన్ నారతో చేసినది. ఇట్లు భాగాలను తెచ్చి చేతితో కూర్చుకునే కార్లకు ఇంగ్లండులో పాత చరిత్ర ఉన్నది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొని ఇంటి వద్ద బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. 1973లో పన్ను విధానం మారి ఆ లాభం పోయినా అభిరుచి మాత్రం పోలేదు. మన హైదరాబాదులో బహదూర్‌పురాలోని సుధా కార్ల ప్రదర్శనశాల చూచినవారికి, కారు అనేది కర్మాగారంలోనే పుట్టనక్కరలేదని వేరుగా చెప్పనవసరం లేదు.

చేతితో కూర్చిన కార్లన్నింటికీ ఒక ఉమ్మడి బాధ ఉన్నది. బానెట్టు, వెనుక మూత, పక్క పలకలు ఒక పదార్థం. వాటిని పట్టే గడియ మరొక పదార్థం. గడియ కూర్చున్న చట్రం ఇంకొకటి. పెద్ద కర్మాగారం ఈ మూడింటికీ పొత్తు కుదర్చడానికి ఏళ్ల తరబడి పరీక్షలు జరుపుతుంది. ఇంటి తయారీదారుకు ఆ అవకాశం లేదు.

మొదటి కారణం ఉష్ణోగ్రత. గాజునార, పాలియెస్టర్ రెజిన్ కలిపి చేసిన పలక, మీటరు పొడవున ఒక్కొక్క డిగ్రీకి సుమారు 25 మైక్రాన్లు సాగుతుంది. ఉదయం 28 డిగ్రీల వద్ద ఉన్న ముదురు రంగు బానెట్టు మధ్యాహ్నపు ఎండలో 65 డిగ్రీలకు చేరితే, మీటరు పలక దాదాపు ఒక మిల్లీమీటరు పెరిగినట్లు. లోపల నీడన ఉన్న ఉక్కు చట్రం అంతగా పెరగదు. ఆ మిల్లీమీటరు గడియ కొక్కేన్ని పక్కకు తోస్తుంది. ఉదయం సులువుగా తెరుచుకున్న మూత మధ్యాహ్నం తెరుచుకోకపోతే, తుప్పును నిందించే ముందు సూర్యుని అనుమానించడం న్యాయం. రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే అచ్చు నుండి తీసిన పలక ఆ తరువాత కొన్ని వారాలపాటు కుంచించుకుంటూ వంకరపోతుంది. అదీ ఇట్టి ఇబ్బందినే కలిగిస్తుంది.

రెండవది తేమ. ఇనుము తుప్పుపట్టడానికి వానే కురవనక్కరలేదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే, ముఖ్యంగా గంధక వాయువుల వంటి మాలిన్యాలున్నచోట, తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుందని వెర్నన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1930 దశకపు ప్రయోగాలలో చూపించాడు. సింగపూరు సగటు ఆర్ద్రత 80 శాతానికి పైమాటే. దీనికి సముద్రపు ఉప్పు తోడవుతుంది. మామూలు ఉప్పు 75 శాతం ఆర్ద్రత వద్ద తనంతట తానే నీటిని పీల్చుకుని ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడు అంతకంటె చాల పొడి గాలిలోనూ చెమరుస్తుంది. విశాఖ సముద్రతీరాన బండి నిలిపేవారికి ఈ అనుభవం ఉన్నదే. గడియ మీద పడిన ఉప్పు రేణువు, వానలేని రాత్రి కూడ దానిని తడిగానే ఉంచుతుంది. ఆ తడిలో పుట్టిన తుప్పు, కరిగిపోయిన ఇనుము కంటె రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. సన్నని సందులో పెరిగిన తుప్పు, చెక్కలో కొట్టిన మేకులాగ భాగాలను ఇరువైపులా అదుముతుంది. అందుచేతనే పట్టేసిన గడియ రోజురోజుకూ మరింత బిగుస్తుంది తప్ప సడలదు.

మూడవది, తరచు పట్టించుకోనిది, లోహాల మధ్య విద్యుత్ సంబంధం. అల్యూమినియం పలకకు స్టెయిన్‌లెస్ స్టీలు మర బిగించి ఉప్పునీటితో తడిపితే అది చిన్న బ్యాటరీ అవుతుంది; అల్యూమినియం తన్ను తాను అర్పించుకుని తెల్లని పొడిగా మారుతుంది. కార్బన్ నార విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అది విద్యుత్ వాహకం. పైగా అల్యూమినియం కంటె ఎంతో ఉన్నత స్థానం గలది. కార్బన్ చట్రానికి అల్యూమినియం రివెట్లతో గడియ బిగించేవారు మధ్యలో ఒక పొర గాజునార వేయడం తప్పనిసరి. విమాన నిర్మాతలు కార్బన్ భాగాలకు టైటానియం మరలు వాడడంలో ఇదే ఆంతర్యం. తాళాలకు గ్రాఫైటు పొడి చల్లే అలవాటు మనలో పాతది. అల్యూమినియం ఉన్నచోట, ఉప్పుగాలిలో అది ఉపకారం కంటె అపకారమే చేస్తుంది, ఏలయన గ్రాఫైటు కూడ కార్బనే.

ఇక బిగుసుకున్న గడియను తెరవడం. బలవంతంగా లాగడం మొదటి తప్పు. లాగినకొద్దీ కొక్కెం మరింతగా ఒరుసుకుంటుంది. ఒకరు గడియకు సరిగ్గా పైన అరచేతితో మూతను కిందికి అదమాలి, మరొకరు అదే సమయంలో మీటను లాగాలి. కొక్కెం మీది బరువు తగ్గగానే చాలమట్టుకు వదులుతుంది. గుడ్డ చుట్టిన చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టడం తుప్పు బంధాన్ని చిట్లిస్తుంది. విలియం జూస్ 1930 దశకంలో విమానాలకై రూపొందించిన పావుచుట్టు బిగింపులు కొన్ని కిట్ కార్లలో కనిపిస్తాయి. వాటిని ముందు లోపలికి నొక్కి తరువాత తిప్పాలి. నొక్కకుండ తిప్పితే గాడి చెడుతుంది, ఆపై డ్రిల్లు ఒక్కటే శరణ్యం.

తైలం పట్టించేవారు ఓపిక పట్టాలి. సన్నని సందులోకి ద్రవం చొరబడే లోతు, గడచిన కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుందని వాష్‌బర్న్ 1921లో చూపించాడు. నిమిషంలో రెండు మిల్లీమీటర్లు వెళ్లిన తైలం, నాలుగు మిల్లీమీటర్లకు నాలుగు నిమిషాలు, ఎనిమిదికి పదహారు నిమిషాలు తీసుకుంటుంది. చల్లిన మరుక్షణమే లాగేవారు రసాయనశాస్త్రానికి అవకాశమే ఇవ్వరు. స్నిగ్ధత తక్కువైన ద్రవం త్వరగా వెళ్తుంది. చిక్కని ఇంజన్ ఆయిలు ఇక్కడ పనికిరాదు. అందరికీ తెలిసిన డబ్ల్యుడి-40, 1953లో శాండియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీలో నీటిని తోసివేయడానికి పుట్టినది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండ వాడారు. అందులో అధికభాగం ఆవిరైపోయే ద్రావణి. గడియ తెరవడానికి అది మంచిదే. తెరిచిన తరువాత కందెనగా నెలలపాటు నిలుస్తుందని నమ్మడం సరికాదు.

ఎసిటోన్ కలిపిన మిశ్రమాలను కొందరు సూచిస్తారు. అది రంగునూ, అనేక ప్లాస్టిక్కులనూ కరిగిస్తుంది, సులువుగా మండుతుంది. కార్బన్, గాజునార, ప్లాస్టిక్ తొడుగుల దగ్గర దూరంగా ఉంచడమే మేలు. అదే విధంగా బ్లోలాంప్ మంట కూడ. పాలియెస్టర్ రెజిన్ వంద డిగ్రీల లోపే మెత్తబడవచ్చు. వేడి తప్పనిసరైతే మరుగునీటిలో ముంచి పిండిన గుడ్డ చాలు. ఇక ఆమ్లాల సంగతి. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఫాస్ఫేటుగా మారుస్తుంది, నిజమే. కోలా పానీయం పోసేవారి నమ్మకానికీ ఆధారం అందులోని ఆ కొద్దిపాటి ఆమ్లమే. కాని గడియకు పూసిన జింకు పూతను అది ముందుగా తినివేస్తుంది. అంతకంటె పెద్ద ముప్పు స్ప్రింగుకు: ఆమ్లచర్యలో పుట్టిన హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుబారజేస్తుంది. బాగుపడినట్లు కనిపించిన గడియ, కొద్ది రోజుల తరువాత బరువు మీద ఉండగా పుటుక్కున విరగవచ్చు. పరుగెత్తుతున్న కారు బానెట్టు గాలికి లేచి చోదకుని కంటికి అడ్డుపడడం ఎంతటి ప్రమాదమో ఊహించడం కష్టం కాదు. అమెరికాలో 1969 జనవరి నుండి ముందువైపు తెరుచుకునే బానెట్లకు రెండవ పట్టు ఉండాలనే నియమం అందుకే వచ్చినది. ఇంటి తయారీదారు దానిని బరువు తగ్గించే నెపంతో వదలరాదు.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. గడియ రంధ్రాలను పొడవుగా కోసి, పలక సాగే మిల్లీమీటరుకు చోటు వదలాలి. భిన్న లోహాల మధ్య నైలాను వాషర్లు వేయాలి. మూడు నెలలకొకసారి మంచినీటితో కడిగి, ఆరబెట్టి, సముద్రపు పడవలకు వాడే కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు పలుచగా పూయాలి. గడియను లాగే తీగ తొడుగు పైకొస నుండి నీరు దిగకుండ రబ్బరు టోపీ తొడగాలి, ఎందుకంటే తీగ ముందుగా తెగేది పైకి కనబడనిచోటే.

ఆ తీగ తెగినప్పటి కోసం మరొక ఏర్పాటు. గడియ మీటకు రెండవ తీగ ఒకటి కట్టి, దాని కొసను చక్రం వెనుకనో, బండి అడుగునో చేతికందేచోట రహస్యంగా ముడివేయాలి. బిగించడానికి పావుగంట పట్టదు. ఇంజను పొగలు కక్కుతుండగా మంటలార్పే సిలిండరు చేతపట్టి, తెరుచుకోని బానెట్టు ముందు నిలబడ్డవానికి దాని విలువ తెలుస్తుంది.