రామప్పకు వెళితే రాత్రి నిద్ర ఎక్కడ: 482 కిలోమీటర్ల లెక్క

మాసబ్ ట్యాంక్ చౌరస్తా నుంచి రామప్ప గుడికి దాదాపు 215 కిలోమీటర్లు. రానూ పోనూ 430. రోడ్డు బాగుంది, కారుంది, తెల్లారి బయల్దేరి రాత్రికి ఇంటికి చేరొచ్చు అనుకునేవాళ్లు నగరంలో చాలామంది. చేరొచ్చు, నిజమే. కానీ అందులో తొమ్మిది పది గంటలు కారులోనే పోతాయి. గుడి దగ్గర మిగిలేది నడినెత్తిన ఎండతో రెండు గంటలు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కట్టడానికి, తెలుగువాళ్లం మనం ఇవ్వాల్సిన సమయం అది కాదు.

కాబట్టి అటువైపు ఎక్కడో ఒకచోట రెండు రాత్రులు ఉండి, అక్కణ్నుంచి చుట్టుపక్కల కాకతీయుల కట్టడాలూ ఇతర పాత గుళ్లూ చూసుకోవడం మంచిదని తేలిపోతుంది. తేలనిదల్లా ఆ చోటు ఏదన్నదే. హనుమకొండలోనా, రామప్ప గుడి ఉన్న పాలంపేట దగ్గరా? కిలోమీటర్లు పెట్టి చూద్దాం. దూరాలన్నీ సుమారుగా, పూర్ణాంకాలుగా తీసుకున్నవి.

చూడాల్సినవి ముందు ఖాయం చేసుకోవాలి. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి. అక్కడికి దగ్గర్లోనే వరంగల్ కోట. 1213 నాటి రామప్ప. అక్కడికి పది కిలోమీటర్లలో గణపురం కోటగుళ్లు. ఆలేరు నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి వెళితే కొలనుపాక జైన మందిరం, సోమేశ్వరాలయం. భువనగిరి కోట కూడా ఇదే 163వ జాతీయ రహదారి మీద ఉంది గానీ, దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు. ఆ కోట ఉన్న ఏకశిల ఎక్కి దిగడానికే సగం పూట పడుతుంది, ఇంటికి 55 కిలోమీటర్లలోనే ఉంది. దానికి వేరే ఆదివారం కేటాయించుకోవడమే మేలు. దారిలో ఉన్నాయి కదా అని అన్నీ ఒకే ప్రయాణంలో కుక్కితే ఏదీ మనసుకెక్కదు.

మొదటి పద్ధతి, రోజూ ఇంటి నుంచే వెళ్లి రావడం. వరంగల్‌కు రానూ పోనూ 300, ఊళ్లో తిరగడానికి 20, కలిపి 320. రామప్పకు 430, గణపురానికి 20, కలిపి 450. కొలనుపాకకు 170. మూడు రోజులకు 940 కిలోమీటర్లు.

రెండో పద్ధతి, హనుమకొండలో మకాం. వెళ్లేటప్పుడు 150, కొలనుపాక మలుపు వల్ల మరో 12. మర్నాడు రామప్పకు 65, గణపురం వెళ్లి రావడానికి 20, వెనక్కి 65, అంటే 150. ఊళ్లో 20. తిరుగు ప్రయాణం 150. మొత్తం 482.

మూడో పద్ధతి, పాలంపేట పరిసరాల్లో మకాం. వెళుతూ వెళుతూ వేయిస్తంభాల గుడి, కోట చూసుకుంటే 215కు 20 కలిపి 235. మర్నాడు గణపురానికి 20. వచ్చేటప్పుడు కొలనుపాక మలుపుతో 227. మొత్తం ఎంత? మళ్లీ 482.

రెండూ సమానం కావడం కాకతాళీయం కాదు. హనుమకొండ నుంచి రామప్ప దాకా ఉన్న ఆ 65 కిలోమీటర్లు ఎక్కడ నిద్రపోయినా ఒకసారి వెళ్లాలి, ఒకసారి రావాలి. ఇంటికీ మకాముకీ మధ్య దారిలో ఉన్న చోట్లకు విడిగా దూరం పడదు, మలుపుల మేరకే పడుతుంది. చాలామంది పటం ముందేసుకుని అన్నిటికీ నట్టనడుమ ఉన్న ఊరిని వెతుకుతారు. హైదరాబాద్ నుంచి ఒకే రోడ్డు మీద వరసగా ఉన్న ఈ కట్టడాలకు ఆ అవసరం లేదు. నడిమి ఊళ్లో దిగినా చివరి ఊళ్లో దిగినా బండి తిరిగేది అంతే. ఇంటి నుంచి రోజూ వెళ్లడంతో పోలిస్తే మాత్రం రెండిట్లోనూ 458 కిలోమీటర్లు తగ్గుతాయి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు అది 30 లీటర్ల పైన పెట్రోలు. లీటరు 107 రూపాయల లెక్కన 3,200 దాటుతుంది. గది అద్దెలో కొంత భాగం అక్కడే పూడుతుంది.

దూరం సమానమైనప్పుడు తూచాల్సింది వెలుగును. మన అక్షాంశంలో డిసెంబరు చివర పగలు దాదాపు 11 గంటలే. హనుమకొండ నుంచి రామప్పకు గంటన్నర. పొద్దున్నే టిఫిన్ చేసి ఏడున్నరకు బయల్దేరితే తొమ్మిదికి చేరతారు. అదే పాలంపేటలో పడుకుంటే గుడి తలుపులు తీసే వేళకే వాకిట్లో ఉంటారు. ఈ తేడా రామప్ప విషయంలో చిన్నది కాదు. గుడి తూర్పు ముఖం. ఆరడుగుల ఎత్తున నక్షత్రాకారపు వేదిక. గోడలు ఎర్ర ఇసుకరాయి. స్తంభాలు, చూరు కింద వాలి నిలబడ్డ మదనికలు నున్నగా నిగ్గుతేలిన నల్లరాయి. పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు నల్లరాతి మీద హారాలూ, వేళ్ల సందులూ, నాట్యభంగిమలో వంగిన నడుమూ ఒక్కొక్కటిగా తేలి కనిపిస్తాయి. పన్నెండు గంటలకు అదే మదనిక చూరు నీడలో నల్లటి ముద్దగా ఉంటుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పూనుకుని మొదలుపెట్టిన ఈ పని దాదాపు 40 ఏళ్లు సాగిందని యునెస్కో పత్రాలు చెబుతాయి. ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టి, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టిన గుడి అది. దాన్ని రెండు వేళల్లో, రెండు వెలుగుల్లో చూడటం న్యాయం. మకాం దగ్గరగా ఉంటేనే అది సాధ్యం.

కంబోడియాలో అంగ్కోర్ వాట్‌కు వెళ్లేవాళ్లు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని సియెమ్ రీప్‌లో దిగేది ఇందుకే. సూర్యోదయానికి కోనేటి గట్టున నిలబడాలని. మనకు కూడా గుడి నుంచి కిలోమీటరు దూరంలో రామప్ప చెరువుంది. గుడీ చెరువూ ఒకే చేతి పనులు. గట్టు మీద పర్యాటక సంస్థ వసతి ఉంది కానీ గదులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. అవి దొరక్కపోతే 15 కిలోమీటర్ల దూరంలోని ములుగులో లాడ్జీలున్నాయి. 2019 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రమైన ఊరు కనుక భోజనానికీ మందుల దుకాణానికీ ఇబ్బంది ఉండదు. ములుగు నుంచి గుడికి అరగంట లోపే.

పాలంపేట వైపు దిగితే మిగిలే సమయానికి ఇంకో ఉపయోగం ఉంది. గణపురం కోటగుళ్లను హనుమకొండ నుంచి వచ్చినవాళ్లు తరచూ వదిలేస్తారు, చీకటి పడకముందే వెనక్కి వెళ్లాలన్న తొందరలో. అది పెద్ద నష్టం. గణపతిదేవుడి పేరుతో వెలసిన గణపేశ్వరాలయం చుట్టూ చిన్నా పెద్దా కలిపి 22 గుళ్ల సముదాయం ఒకే ప్రాకారంలో ఉంది. కొన్ని కూలాయి, కొన్ని నిలిచాయి. రామప్ప చూసిన కళ్లతో మర్నాడే అక్కడికి వెళితే ఏది ఏ శైలో మనకే పట్టుబడుతుంది. లక్నవరం చెరువు కూడా కలుపుకుంటే హనుమకొండ నుంచి ఆ రోజు ప్రయాణం 190 కిలోమీటర్లు అవుతుంది. పాలంపేట నుంచి 80.

చూసే వరసకూ ఇదే దారి అనుకూలం. 1163 నాటి త్రికూటాలయం మొదటి రోజు, ఆపైన నాలుగు కీర్తితోరణాల వరంగల్ కోట, మర్నాడు 1213 నాటి రామప్ప. వేయిస్తంభాల గుడికీ రామప్పకూ నడుమ సరిగ్గా యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో శిల్పి చెయ్యి ఎంత తిరిగిందో ఒక రాత్రి ఎడంతో చూడొచ్చు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కోటలో నేల మీద పేర్చి ఉన్న శిల్పాల మధ్య నడిచి, ఆ తర్వాత చెక్కుచెదరని మదనిక ముందు నిలబడితే ఏం పోయిందో, ఏం మిగిలిందో అర్థమవుతుంది.

అయితే అందరికీ పాలంపేట సరిపడదు. కారు లేనివాళ్లకు హనుమకొండే సరైనది, ఇందులో నాకు రెండో మాట లేదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలులో 132 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ అయితే సుమారు రెండు గంటలు. హనుమకొండ బస్టాండులో ములుగు, ఏటూరునాగారం బస్సులు దొరుకుతాయి. జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగితే అక్కణ్నుంచి ఆటో. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ లేదు కనుక అమ్మా, అత్తమ్మా, ఆడపిల్లలూ కలిసి వెళ్లే కుటుంబానికి ఖర్చు బాగా తగ్గుతుంది. గుండె జబ్బో, డయాలసిస్సో ఉన్న పెద్దవాళ్లు వెంట ఉన్నా హనుమకొండే. ఎంజీఎం ఆసుపత్రి పక్కనే వరంగల్‌లో ఉంది. పాలంపేట నుంచి అర్ధరాత్రి 65 కిలోమీటర్లు ఎవరినీ పరిగెత్తించకూడదు.

మాసబ్ ట్యాంక్ నుంచి నగరం దాటడం ఇంకో లెక్క. ఖైరతాబాద్, తార్నాక మీదుగా ఉప్పల్‌కు 15 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున ఐదింటికి ముప్పావు గంట చాలు. ఎనిమిదిన్నరకు బయల్దేరితే గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి, 11.6 కిలోమీటర్లు పైపైనే వెళ్లి, శంషాబాద్ వైపు ఔటర్ పట్టుకుని ఘట్‌కేసర్‌లో దిగే దారి కూడా ఉంది. దూరం రెట్టింపు దాటుతుంది, టోలు పడుతుంది. ఆలస్యంగా బయల్దేరిన రోజున మాత్రమే అది లాభం.

కాలం విషయంలో వెసులుబాటు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక ఆ రాతి వేదిక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు. వానాకాలంలో చెరువులు నిండి అందంగా ఉంటాయి గానీ ఆ నేలకు వాన అంటే మామూలు వాన కాదు. 2023 జులై చివర్లో పాలంపేట ఉన్న ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున గది బుక్ అయినా మానుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి నడుమ దాకా మంచి కాలం.

నా తీర్పు ఇది. సొంత బండి, నడవగలిగే మనుషులు, రెండు రాత్రులు ఉంటే పాలంపేట, లేదా ములుగు. బస్సో రైలో అయితే, ఇంట్లో పెద్దవాళ్లకు వైద్యం దగ్గర్లో ఉండాలంటే హనుమకొండ. మన పెద్దలు క్షేత్రానికి వెళితే ఒక రాత్రి నిద్ర చేసి రమ్మనేవారు. రామప్పకు ఆ మాట పాటించండి. ఊళ్లోనే భోంచేయండి, స్థానిక గైడును పెట్టుకోండి, శిల్పాల మీద చేతులు వేయకండి, పిల్లల్ని వేయనివ్వకండి. బయల్దేరేముందు ఒక్కటి చూసుకోండి: రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతరకు జనం ములుగు మీదుగా ఇదే రోడ్డున వెళతారు. 2026 జనవరి చివర్లో జరిగింది కనుక తర్వాతిది 2028లో. ఆ వారం ముందూ వెనకా ములుగులో గానీ హనుమకొండలో గానీ గది దొరకదు.